అద్దాల బీరువా తాళం తీయండి

చిన్ననాటి బొమ్మల్ని దాచుకోవడం మంచి అలవాటే. దాచుకున్నవాటిని ఎవరూ ముట్టుకోకుండా చేయడంలోనే చిక్కంతా ఉంది.

తెలుగు మధ్యతరగతి ఇంట్లో బొమ్మలకు రెండు చోట్లుంటాయి. ఒకటి హాల్లో టీవీ పక్కనుండే అద్దాల బీరువా. అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, దశావతారాల వరస, ఎడ్లబండి అందులో నిలబడి ఉంటాయి. రెండోది మంచం కిందికి తోసిన ప్లాస్టిక్ బుట్ట. చక్రం ఊడిన కారు, చెయ్యి లేని బొమ్మ, బ్యాటరీ అయిపోయిన రోబో అందులో పడి ఉంటాయి. బీరువాలోవి మన చేతివృత్తులవాళ్లు చెక్కినవి, పిల్లలు ముట్టుకోకూడనివి. బుట్టలోవి ఏదో ఫ్యాక్టరీలో అచ్చుపోసినవి, పిల్లలు ఏం చేసినా ఎవరూ అడగనివి. ఈ విభజన మనకు ఎంత మామూలైపోయిందంటే, అందులో తప్పేముందని కూడా తోచదు. కానీ దానివల్ల పిల్లలకు నష్టం, బొమ్మ చేసేవాడికి నష్టం, బొమ్మల్ని ప్రేమగా పోగుచేసుకునే పెద్దలకూ నష్టమే. బొమ్మల్ని సేకరించాలి, తరాలపాటు దాచాలి, కానీ ఆ సేకరణ చేతులకు అందేదిగా ఉండాలి. ఆటకు పనికిరాకుండా దాచిన బొమ్మలో మనం దాచుకుంటున్నది దాని ఆకారాన్ని మాత్రమే.

బొమ్మను బొమ్మగా చేసేది ఆట. పిల్లవాడు రెండు కాళ్ల మధ్య కర్ర పెట్టుకుని పరిగెత్తితే అది గుర్రమవుతుంది. కర్రకు గుర్రం పోలిక ఒక్కటీ లేదు. ఎక్కి స్వారీ చేయడానికి వీలుగా ఉండటమొక్కటే దాని అర్హత. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1930లలో సరిగ్గా ఈ కర్రగుర్రాన్నే ఉదాహరణగా తీసుకుని, కళ్లెదుట ఉన్న వస్తువు నుంచి దాని అర్థాన్ని విడదీయడం పిల్లలు నేర్చుకునేది ఇలాంటి ఆటలోనేనని వివరించాడు. అమెరికాలో రోచెస్టర్ నగరంలోని స్ట్రాంగ్ మ్యూజియం నడిపే జాతీయ బొమ్మల గౌరవ జాబితాలో బార్బీ, లెగోల సరసన 2005లో అట్టపెట్టె, 2008లో కర్రపుల్ల, 2021లో ఇసుక చేరాయి. మన ఊళ్లలో ఈ సంగతి మ్యూజియం చెప్పకముందే అందరికీ తెలుసు. ముంజెలు తినేశాక మిగిలిన తాటికాయ బుర్రలు రెండు, మధ్యలో ఒక పుల్ల, తోయడానికి ఒక పంగలకర్ర ఉంటే బండి తయారు. తాటాకు ముక్కను తుమ్మముల్లుకు గుచ్చితే గాలికి తిరిగే చక్రం, కొబ్బరాకు చుడితే బూర, చింతపిక్కలుంటే వామనగుంటలు. ఇవేవీ ఏ బీరువాలోనూ లేవు, ఉండవు కూడా. సాయంత్రానికి తాటికాయలు ఎండిపోతాయి, మర్నాడు కొత్తవి దొరుకుతాయి. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో పనిచేసిన సుదర్శన్ ఖన్నా దేశమంతా ఇలాంటి జానపద ఆటవస్తువుల్ని పరిశీలించి, వాటిలో ఎంత యాంత్రిక సూత్రం దాగి ఉందో పుస్తకాలుగా రాశారు. ఆయన చేసింది కూడా సేకరణే. కాకపోతే వస్తువుకంటే ముందు దాన్ని చేసే విధానాన్ని భద్రపరిచారు. అది చదివినవాళ్లు మళ్లీ చేసుకోగలరు.

బొమ్మ ఖరీదైనదైతే ఏమవుతుందో మన సాహిత్యం ఏనాడో చూపించింది. శూద్రకుడి మృచ్ఛకటికంలో చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాడి బంగారు బండితో ఆడాడు. దాన్ని వాళ్లు తీసుకుపోతే దాసి రదనిక మట్టిబండి చేసి ఇచ్చింది. పిల్లవాడికి అది నచ్చలేదు, బంగారుదే కావాలని ఏడ్చాడు. వసంతసేన మనసు కరిగి తన నగలు తీసి ఆ మట్టిబండి నిండా పోసింది. ప్రేమతో చేసిన పనే. కానీ ఆ నగలు చివరికి న్యాయస్థానంలో విదూషకుడు మైత్రేయుడి దగ్గర్నుంచి జారిపడి, చారుదత్తుడి మీద మోపిన హత్యానేరానికి సాక్ష్యమై కూర్చున్నాయి. మట్టిబండి మట్టిబండిగానే ఉండి ఉంటే దాని జోలికి ఎవరూ వచ్చేవారు కారు. ఆ బండితో రోహసేనుడు తర్వాత ఆడుకున్నాడా లేదా అన్నది నాటకంలో ఎవరికీ పట్టలేదు. నగలు పోసిన క్షణం నుంచీ దాన్ని చూసే చూపే మారిపోయింది.

ఆ చూపు మీదే ఇవాళ ప్రపంచవ్యాప్తంగా ఒక వ్యాపారం నడుస్తోంది. పాత బొమ్మల మార్కెట్లో ఖరీదు నిర్ణయించే మొదటి ప్రశ్న, పెట్టె విప్పారా లేదా అని. విప్పని పెట్టెకు ఒక ధర, విప్పినదానికి అందులో చిన్న వంతు. అంటే ఏ పనికోసం వస్తువు పుట్టిందో ఆ పని చేయకపోవడమే దాని అర్హత అయింది. 1990లలో అమెరికాలో టై కంపెనీ అమ్మిన బీనీ బేబీస్ గుడ్డబొమ్మల్ని లక్షలాది కుటుంబాలు పెట్టుబడిగా కొన్నాయి. చెవికి తగిలించిన కాగితం చీటీ నలిగితే ధర పడిపోతుందని దానికి విడిగా ప్లాస్టిక్ తొడుగులు వేశారు. 1999లో విడాకులు తీసుకున్న ఒక జంట లాస్‌వేగస్ కోర్టులో నేలమీద కూర్చుని ఆ బొమ్మల్ని ఒక్కొక్కటిగా పంచుకున్న ఫొటో లోకమంతా చూసింది. తర్వాత ధరలు కూలిపోయాయి. ఎందుకు కూలాయో ఆలోచిస్తే సేకరణకు సంబంధించిన అసలు లెక్క తెలుస్తుంది. వందేళ్లనాటి రేకు బొమ్మ అరుదుగా ఎందుకు దొరుకుతుంది? దాని తోటివాటినన్నిటినీ పిల్లలు ఆడి, విరగ్గొట్టి, పోగొట్టి, ఒకటీ అరా మిగిల్చారు కాబట్టి. ఆడినవాళ్లు సృష్టించిన విలువ అది. అందరూ పెట్టె విప్పకుండా దాచుకుంటే రేపు దేనికీ కరువుండదు, కాబట్టి దేనికీ ధర ఉండదు. 2025 జూన్‌లో బీజింగ్‌లో మనిషెత్తు లబుబు బొమ్మ ఒకటి వేలంలో పది లక్షల యువాన్లు దాటి పలికింది. లాభం వస్తుందని అలాంటివి కొనేవాళ్లు బీనీ బేబీస్ కథ ఒకసారి తెలుసుకోవాలి. ఇష్టపడి కొని బ్యాగుకు తగిలించుకుని తిరిగే అమ్మాయితో మాత్రం నాకు పేచీ లేదు. ఆమె దాన్ని వాడుకుంటోంది.

ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. మన సంప్రదాయంలోనే బొమ్మల కొలువు ఉంది కదా, అది చూడటానికి పెట్టేదే కానీ ఆడటానికి కాదు కదా అని. నిజానికి సేకరణ ఎలా ఉండాలో నేర్పే అతి మంచి పద్ధతి మన కొలువే. సంక్రాంతికి కొందరు, దసరా నవరాత్రులకు కొందరు పెట్టే ఈ కొలువులో బొమ్మలు ఏడాదంతా ఎక్కడుంటాయి? పాత చీరముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలో ఉంటాయి. పండగకు పెట్టె దిగుతుంది. పిల్లలు మూటలు విప్పుతారు. ఏ గుడ్డలో ఎవరున్నారో ఊహించడం ఒక ఆట, కిందటేడు విరిగినదాన్ని అతికించడం ఒక పని. మూడో అయిదో ఏడో, బేసి సంఖ్యలో మెట్లు కడతారు. పై మెట్టుమీద దేవుళ్లు సరే, కింది మెట్లమీద ఎవరుండాలన్నది ఇంటివాళ్ల ఇష్టం. కోమటి దంపతుల పక్కన ప్లాస్టిక్ పోలీసు, పక్కనే క్రికెట్ జట్టు, ఆ వెనక రైలు. నేలమీద ఇసుకతో కొండ, అద్దం ముక్కతో చెరువు, నాలుగైదు రోజుల ముందు ఆవాలో మెంతులో చల్లి మొలిపించిన పచ్చటి పొలం. ఒక ఊరును మొత్తం ఊహించి, కట్టి, అందులో మనుషుల్ని పెట్టి, పేరంటానికి వచ్చినవాళ్లకు ఆ కథ చెప్పడం ఆట కాకపోతే మరేది ఆట? ఏటా ఒక కొత్త బొమ్మైనా చేరాలన్న ఆనవాయితీవల్ల కొలువు పెరుగుతూ ఉంటుంది. విరిగిన బొమ్మకూ వెనక వరసలో, విరిగిన వైపు గోడకు తిప్పి, చోటు దొరుకుతుంది. తల్లి నుంచి కూతురికి వెళ్లేటప్పుడు బొమ్మతోపాటు దాని కథ కూడా వెళ్తుంది. బీరువాకూ కొలువుకూ తేడా అదే. కొలువు ఏటా విప్పి, మళ్లీ పేర్చి, మళ్లీ మూటగట్టేది. బీరువాలో మొదటిరోజు పెట్టిన వరస ఇల్లు మారేదాకా అలాగే ఉంటుంది. కొలువును ఆడపిల్లల పండగగా మాత్రమే చూసి మగపిల్లల్ని బొంగరాలకూ గోళీలకూ తోలేయడం ఆ సంప్రదాయంలోని లోటు. అది దిద్దుకోవడానికి ఖర్చేమీ లేదు. 

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. అలంకరణకోసం కొనేవాళ్లే లేకపోతే ఈ కళలు ఎప్పుడో పోయేవి, వాళ్లను తప్పుపట్టడం కృతఘ్నత అంటారు. ఇందులో సగం నిజముంది. విజయవాడ దగ్గర కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే కుటుంబాలు శతాబ్దాల కిందట రాజస్థాన్ నుంచి వచ్చాయని చెప్పుకుంటారు. పొణికి చాలా తేలికైన, మెత్తని కర్ర. దాన్ని సన్నని సెగమీద ఆరబెట్టి, ఒళ్లు, చేతులు, తలపాగా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, రంగులు వేస్తారు. బియ్యం దంచే మనిషి, పాలు పితికే మనిషి, బండి తోలే రైతు, అంతా ఊరి బతుకే. ఈ పనికి రాజులూ జమీందార్లూ పోయాక ప్రభుత్వ ఎంపోరియాలూ, నగరాల్లోని కొనుగోలుదార్లూ ఆసరా అయిన మాట నిజం. నిర్మల్ బొమ్మల కళాకారులకూ అంతే. ఆ కొనుగోలుదార్లకు ఋణపడి ఉన్నామని ఒప్పుకుంటూనే ఆ ఆసరా ఏం మార్చిందో కూడా చూడాలి. బీరువాకోసం కొనేవాడికి బొమ్మ ముందువైపు మెరవాలి, నిగనిగలాడే ఎనామిల్ కావాలి, చేతులు గట్టిగా ఉన్నాయా అని అతను లాగి చూడడు. పిల్లవాడికోసం కొనే తల్లి మొదట చూసేది అదే. బీరువాకోసం కొనేవాడు ఒక సెట్టు కొన్నాక మళ్లీ రాడు, ఎందుకంటే అది అరగదు, విరగదు, బీరువాలో చోటు కూడా ఉండదు. పిల్లలు ఆడే బొమ్మ పాతబడుతుంది, పిల్లలు పెరుగుతారు, కొత్త పిల్లలు పుడతారు, కాబట్టి ఆ ఇంటికి మళ్లీ బొమ్మ కావాలి. కళను బతికిస్తున్నామనుకునే అలంకరణ బేరం నిజానికి చాలా ఇరుకైన బేరం.

ఆటకోసం చేసే బొమ్మ చేతిపనిని ఏం చేయగలదో చెప్పే సాక్ష్యం వరాహ నది ఒడ్డున ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరిగే యంత్రం మీద బిగించి ఉలితో చెక్కుతారు. తిరుగుతున్న బొమ్మకే రంగు కలిపిన లక్కకడ్డీని ఒత్తిపడితే రాపిడి వేడికి లక్క కరిగి కర్రమీద పొరలా పాకుతుంది. బ్రష్షుతో పూసిన రంగు కాదు కాబట్టి పెచ్చులూడదు. అంచులుండవు, అన్నీ గుండ్రనివే. బొంగరాలు, గిలక్కాయలు, లక్కపిడతలు, తోపుడు బొమ్మలు, అన్నీ చేత్తో పట్టి తిప్పేవి. మధ్యలో ఇక్కడికీ రసాయన రంగులు వచ్చాయి, అవి చవక, తళుకు ఎక్కువ. ఆ ఊరివాడే అయిన సి.వి. రాజు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటినుంచి రంగులు తీసి లక్కలో కలిపే పద్ధతుల్ని ఏళ్ల తరబడి అభివృద్ధి చేసి పనివాళ్లకు నేర్పారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఆ బొమ్మల మీదే. ఈ గౌరవాలకంటే నాకు ముఖ్యంగా కనిపించేది, రంగు మార్చడానికి దారితీసిన ఆలోచన. పసిపిల్ల బొమ్మను నోట్లో పెట్టుకుంటుంది. బీరువాలో ఉండే బొమ్మ రంగులో సీసం ఉందో లేదో ఎవరికి కావాలి? బిడ్డ నోటికి వెళ్లేదన్న ఎరుక ఉన్నచోటే పసుపూ నీలిమందూ అవసరమయ్యాయి. ఆట అనే కఠినమైన పరీక్ష ఈ చేతిపనిని మెరుగుపరిచింది.

ప్రభుత్వ నిబంధనల్లో కూడా ఇదే ప్రశ్న దాగి ఉంది. 2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు తప్పనిసరి చేశారు. దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కీ, 2023లో 70కీ పెంచారు. నమోదైన హస్తకళాకారుల వస్తువులకూ, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ ఆ గుర్తు నుంచి మినహాయింపు ఇచ్చారు. చిన్న కుటుంబం పరీక్షల ఖర్చు భరించలేదు కాబట్టి మినహాయింపు న్యాయమైనదే. కానీ అది అక్కడే ఆగిపోతే, ఇవి పిల్లలకు కాదు, పెద్దల అలంకరణకే అని ప్రభుత్వమూ ఒప్పుకున్నట్టవుతుంది. మినహాయింపుతోపాటు కొండపల్లిలోనూ నిర్మల్‌లోనూ రంగుల్ని ఉచితంగా పరీక్షించే ఏర్పాటు, సహజ రంగుల్లో శిక్షణ ఉండాలి.

పాత బొమ్మలు చరిత్ర, వాటిని పిల్లల చేతికిస్తే చరిత్ర విరిగిపోతుంది కదా అనేవాళ్లున్నారు. మొహెంజొదారోలో దొరికిన తల ఊపే మట్టి ఎద్దును ఎవరి చేతికీ ఇవ్వమని ఎవరూ అడగరు. కార్టూనిస్ట్ శంకర్ 1965లో ఢిల్లీలో నెలకొల్పిన అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం అద్దాల వెనక ఉండటం సబబే. ఒకటే మిగిలినదాన్ని కాపాడాలి. ఇంకా చేస్తున్నవాటిని, ఇంకా చేయగలిగినవాటిని కూడా ఒకటే మిగిలినట్టు చూడటం వేరే సంగతి. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ జిల్లాలో 1935 నుంచి పుస్తకాల్లాగే బొమ్మల్ని అరువిచ్చే పద్ధతి ఉంది. పిల్లలు తీసుకెళ్తారు, ఆడతారు, తిరిగిస్తారు. మన గ్రంథాలయాల్లో ఒక అర అలాంటిదానికి కేటాయించడం కష్టమేమీ కాదు. ఇక విరగడం గురించి చెప్పాలంటే, కొండపల్లి బొమ్మ మొదటినుంచీ అతుకులతోనే పుట్టింది. ఊడిన చెయ్యిని మళ్లీ మక్కుతో అతికించవచ్చు. బొమ్మ అమ్మే దుకాణంలోనే మరమ్మతు కూడా చేసి ఇస్తే, ముట్టుకోవద్దని పిల్లల మీద అరిచే అవసరం ఉండదు.

అరిగిపోవడాన్ని మనం నష్టంగానే చూస్తాం. బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1950లలోనే దీన్ని వేరేగా చూశాడు. పసివాళ్లు పట్టుకు వదలని దుప్పటి ముక్కనో గుడ్డబొమ్మనో గమనించి, తల్లి దాన్ని ఉతికినా బిడ్డకు దానితో ఉన్న బంధం తెగిపోవచ్చన్నాడు. బిడ్డ చేతుల మీద మాసిన మాపు, ఆ వాసన, ఆ చిరుగు బొమ్మలో భాగాలు. అందుకే పెద్దయ్యాక మనకు దొరికే చిన్ననాటి బొమ్మల్లో కదిలించేది కొత్తగా మెరిసేది కాదు, చెవి నమిలినది. కొత్తదైతే ఎవరిదైనా కావచ్చు. నమిలిన చెవి ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు.

పెద్దలు బొమ్మలతో ఆడటం ఏమిటన్న ఎత్తిపొడుపు చివరికి మిగులుతుంది. అమెరికాలో 2024 మొదటి మూడు నెలల్లో 18 దాటినవాళ్లు తమకోసం కొనుక్కున్న బొమ్మల అమ్మకాలు, మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకోసం కొన్నవాటిని దాటాయని మార్కెట్ సంస్థ సర్కానా లెక్కగట్టింది. దీన్ని బాధ్యతల నుంచి పారిపోవడంగా కొట్టిపారేయడం తేలిక. కానీ సంక్రాంతికి హైదరాబాద్ డాబాల మీద గాలిపటం ఎగరేసే యాభై ఏళ్ల మనిషిని ఎవరూ పసివాడనరు. చదరంగం బల్ల ముందు కూర్చున్న తాతను ఎవరూ ఎగతాళి చేయరు. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎందుకీ సిగ్గు? 1958లో పేటెంట్ తీసుకున్న లెగో ఇటుక ఇవాళ్టి ఇటుకతో సరిగ్గా కలుస్తుంది. తండ్రి దాచుకున్న డబ్బా, కూతురి డబ్బా ఒకే కుప్పగా పోసి ఇల్లు కట్టవచ్చు. ప్లాస్టిక్ కాబట్టి అది చెడ్డది, కర్ర కాబట్టి ఇది మంచిదన్న వాదన నాది కాదు. ఆ ఇటుక కట్టించుకుంటుంది, పడగొట్టించుకుంటుంది, మళ్లీ కట్టించుకుంటుంది. చాలా చవక ప్లాస్టిక్ బొమ్మలు, పెట్టెలోంచి తీయని చాలా ఖరీదైన బొమ్మలు ఆ పని చేయలేవు. పనికిరాని చెత్తనుంచి ఆటవస్తువులు చేయడం నేర్పుతూ 2018లో పద్మశ్రీ పొందిన అరవింద్ గుప్తా చూపించింది కూడా ఇదే. అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వ్ ట్యూబూ ఉంటే జ్యామితి చేతికొస్తుంది.

కాబట్టి లేపాక్షి ఎంపోరియంలోనో గోల్కొండ ఎంపోరియంలోనో బొమ్మ కొనేటప్పుడు దాన్ని అద్దంలోంచి కాక చేతిలోకి తీసుకుని చూడాలి. చక్రం తిరుగుతోందా, చెయ్యి గట్టిగా ఉందా, రంగు దేనితో చేశారు, పిల్లవాడు నోట్లో పెట్టుకోవచ్చా అని అడగాలి. కొనేవాళ్లు అడిగే ప్రశ్నలే పనివాడి బల్లమీద రేపటి నమూనాలవుతాయి. చక్రాలు నిజంగా దొర్లే ఎడ్లబండిని కొండపల్లి చెయ్యి చెక్కలేనిది కాదు, అడిగేవాళ్లు తగ్గారు. అయితే ఒక విషయంలో మాత్రం కొనేవాళ్లు ఎంత అడిగినా చాలదు. పొణికి అడవిలో పెరిగే చెట్టు, అంకుడూ అంతే. దగ్గరి కొండల్లో కర్ర దొరకడం కష్టమవుతోందని పనివాళ్లు చాలా ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. పిల్లలందరి చేతికీ బొమ్మ చేరాలంటే ఇప్పుడున్నదానికి ఎన్నో రెట్ల కర్ర కావాలి. ఆ చెట్లు నాటే పని అటవీశాఖ, పంచాయతీలు, బొమ్మల సహకార సంఘాలు కలిసి మొదలుపెట్టాలి. నాటిన చెట్టు కోతకు రావడానికి ఏళ్లు పడుతుంది కనుక, ఇప్పుడు బళ్లో చేరుతున్న పిల్లల పిల్లలకు అందే బొమ్మల లెక్క ఈ వానాకాలంలోనే వేసుకోవాల్సి ఉంటుంది.